సున్నా నంబరు బోధకుడు

మంగళవారం

చిరంజీవి మేనకోడలికి,

వారమంతా తాళాలు బాగుచేసి, ఆదివారం ఆత్మలు బాగుచేసే మీ మావయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నా గొంతు క్షేమం, మీ అత్తయ్య క్షేమం. అక్కడ నువ్వూ, నీ ఆఫీసు కుర్చీలో నీ నడుమూ క్షేమమని తలుస్తాను.

"వాడు ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటి" అని మీ అమ్మ సణుగుతోందట. నా తోడబుట్టినదానికి ఒక మాట చెప్పు. అపొస్తలులు ఊరూరికీ పత్రికలు రాశారు గానీ ఎవరికీ మిస్డ్ కాల్ ఇవ్వలేదు.

నువ్వు పంపిన పాత కంప్యూటరు చేరింది. షాపులో ముడి తాళంచెవుల డబ్బాకి అటువైపు అది, ఇటువైపు గ్రంథం. మందిరం వాళ్ళ పేర్లన్నీ నీ ప్రోగ్రాములోకి మీ అత్తయ్యే ఎక్కించింది. ముందు భర్త, వెంటనే భార్య, ఆ తర్వాత ఇంకో ఇల్లు. ఇదివరకు గోడమీద నల్లబల్లకి గడులు గీసుకుని రాసుకునేవాళ్ళం కదా, గడులు నిండిపోతే కొత్తగా వచ్చినవాళ్ళని బల్ల కింద సున్నం గోడమీద రాసేవాళ్ళం. గట్టి వాన వస్తే పాపం వాళ్ళు సంఘంలోంచి కారిపోయేవారు. నీ జాబితాకి ఆ బాధ లేదు. ఎందరిని చేర్చినా చోటు చేసుకుంటోంది. "ఇదే హృదయ వైశాల్యమంటే!" అని మొన్న ఆదివారం బల్లగుద్ది చెప్పాను. బల్ల కాలు ఊడింది.

అయితే ఒక అవమానం జరిగింది. మన మందిరంలో పేర్ల వరుసే కూర్చునే వరుస, వేదిక ఎక్కి మాట్లాడే వరుస కూడా. అందరికంటే ముందు నా పేరు ఉంది, సంతోషం. కానీ నా పేరు పక్కన నీ యంత్రం ఏమని వేసిందో తెలుసా? సున్నా! మీ అత్తయ్యకి ఒకటి వేసింది. నా జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచి నిప్పులు కక్కుతున్నవాణ్ణి, నేను సున్నానా? దీన్ని సరిచెయ్యి. లేకపోతే సుత్తితో నేనే సరిచేస్తాను.

నీ మేలుకోరే
మావయ్య

తాజా కలం: మీ అత్తయ్య ఒకటో నంబరు అయినప్పటినుంచి నాకు కాఫీ కప్పులో కాకుండా గ్లాసులో ఇస్తోంది.

*

శుక్రవారం

గౌరవనీయులైన మావయ్యకి,

మీ మేనకోడలు నమస్కరించి రాసేది. సుత్తి కింద పెట్టండి. మిగతాది తర్వాత చదవండి.

మావయ్యా, అది మీ విలువ కాదు. మీకు ముందు ఎంతమంది ఉన్నారో చెప్పే లెక్క. అత్తయ్యకి ముందు మీరొక్కరే ఉన్నారు, కాబట్టి ఒకటి. మీకు ముందు ఎవరూ లేరు, కాబట్టి సున్నా. మా ఆఫీసులో అందరం సున్నా నుంచే లెక్కపెడతాం. బోధకుడికి ఇంతకంటే గౌరవం ఏం కావాలి చెప్పండి?

ఆ జాబితా నల్లబల్లలాంటిది కాదు. నల్లబల్లకి ఏమీ తెలీదు, పనంతా మనమే చెయ్యాలి. దీని పనులు దీనికే తెలుసు, మీరు అడిగితే చాలు. 'చేర్చు' అంటే కొత్త మనిషిని చివర్లో కూర్చోబెడుతుంది. 'దూర్చు' అంటే మీరు చెప్పిన చోట కూర్చోబెట్టి, అక్కణ్ణుంచి ఉన్నవాళ్ళందర్నీ ఒక్కో సీటు వెనక్కి జరుపుతుంది. 'తీసెయ్యి' అంటే ఆ మనిషిని లేపి, వెనకవాళ్ళందర్నీ ఒక్కో సీటు ముందుకి జరుపుతుంది. ఖాళీ ఉంచదు. 'ఉన్నారా' అని పేరు కొడితే ఉన్నారనో లేరనో చెబుతుంది. చోటు చాలకపోతే తనే పెద్ద చోటు వెతుక్కుని, ఉన్నవాళ్ళందర్నీ అక్కడికి మోసుకుపోతుంది.

'మొత్తం తుడిచెయ్యి' అని ఒకటుంది. అది మాత్రం ముట్టుకోకండి.

మీ
మేనకోడలు

తా.క.: 'తీసెయ్యి' కూడా నన్ను అడక్కుండా వాడొద్దు. మీ కోపం సంగతి నాకు తెలుసు.

*

సోమవారం

చిరంజీవి మేనకోడలికి,

సున్నా మహిమ ఎరిగిన మీ మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం వేదికమీద చదివాను. "నాకు ముందు ఎవరూ లేరు!" అని గర్జించాను. చెవిటి తాతగారు లేచి చప్పట్లు కొట్టారు. ఆయనకి వినపడలేదు గానీ నా చెయ్యి పైకి లేవడం చూశారు. చోటు చాలకపోతే అందర్నీ మోసుకుని పెద్ద చోటికి పోతుందన్నావే, ఆ వాక్యం దగ్గర నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఒక జనాన్ని బానిసత్వంలోంచి సముద్రం దాటించింది గుర్తొచ్చింది. 'మొత్తం తుడిచెయ్యి' మీటకి నేను జలప్రళయం అని పేరు పెట్టాను. పడవ సిద్ధంగా లేకుండా నొక్కను, బెంగపడకు.

'దూర్చు' మాత్రం వాడాను. బేకరీ ఆయనా భార్యా కొత్తగా చేరారు. మందిరానికి ఫ్యాను ఇచ్చారు కదా అని రెండో స్థానంలో దూర్చాను. ఆ ఆదివారం అందరూ వచ్చి చూసుకుంటే ఎవరి సీటూ వాళ్ళది కాదు! ఇస్త్రీ షాపు ఆవిడ కిటికీ పక్క సీటు దర్జీ భార్యకి పోయింది. "నా కిటికీ ఎవరిచ్చారు ఈవిడకి?" అని ఆవిడ, "కిటికీ నీ పుట్టింటివాళ్ళు పెట్టించారా?" అని ఈవిడ. డ్రైవరేమో స్తంభం వెనక్కి పోయాడు. అప్పుడు నేను గ్రంథం పైకెత్తి శాశ్వతమైన ఆజ్ఞ ఒకటి ఇచ్చాను. "యంత్రం చెప్పిన వరుసే వరుస! మొదట ఎవరి పేరు ఉంటే వారే మొదట వేదిక ఎక్కుతారు! దీన్ని నేను సైతం మార్చను!" అందరూ ఎవరికి పడ్డ సీటులో వాళ్ళు కూర్చున్నారు. ఆ మాట దర్జీ కాగితమ్మీద రాసి గోడకి కూడా అంటించాడు.

ఇప్పుడు అసలు సంగతి. మందిరాల తనిఖీకి తిరిగే పెద్దయ్యగారు మన దగ్గరికి వస్తున్నారు. ఎదురు వీధి మైకు బోధకుడు ఆయన చెవిలో ఊదాడట, నా బోధకి జనం నిద్రపోతున్నారని. నిజమని తేలితే మన వేదిక మైకువాడికి అప్పగిస్తారు. అమ్మడూ, ఆ వేదిక పోతే నాకు మిగిలేది ఆకురాయి, తుప్పు తాళాలు. మనుషుల గుండెలు తెరిచినవాణ్ణి, మిగతా బతుకంతా ఇనప్పెట్టెలే తెరుస్తూ కూర్చోవాలా?

కాబట్టి నాకొక బెత్తం రాసి పంపు. జాబితాని మొదటినుంచి చివరిదాకా తిరగాలి. బోధ జరుగుతుండగా కళ్ళు మూసుకున్నవాళ్ళందరికీ పేరు పక్కన గుర్తు పెట్టిస్తాను. గుర్తు ఉన్న ప్రతివాణ్ణీ అది పీకి పారెయ్యాలి. జాలి వద్దు.

నీతికై రగిలే
మావయ్య

తాజా కలం: వేదికకి ఎదురుగా గోడగడియారం పెట్టిందెవరని ఆరా తీస్తున్నాను. మీ అత్తయ్య మాట మారుస్తోంది.

*

గురువారం

గౌరవనీయులైన మావయ్యకి,

నమస్కారాలు. పని ఒత్తిడిలో ఉన్నాను, టీ తాగే విరామంలో మీ బెత్తం రాసి పంపుతున్నాను. సరిగ్గా పరీక్షించి చూసే తీరిక లేదు.

ఒక్క మాట అడగనా? తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం మంద మొత్తాన్ని వదిలి కొండలెక్కిన కాపరి కథ నాకు చిన్నప్పుడు చెప్పింది మీరే కదా. గొర్రె నిద్రపోయిందని దాన్ని మందలోంచి తరిమేసిన కాపరి కథ ఏ పేజీలో ఉంది?

వద్దని నా మనసు చెబుతోంది. పంపమని మీరు చెబుతున్నారు. మీ గొంతు పెద్దది.

మీ
మేనకోడలు

తా.క.: మీరు బోధ మొదలుపెడితే కళ్ళు గట్టిగా మూసుకుంటారు కదా. మరి ఎవరు నిద్రపోతున్నారో చూసి గుర్తులు పెట్టేదెవరు?

*

సోమవారం

చిరంజీవి మేనకోడలికి,

తీర్పు దినాన్ని కళ్ళారా చూసిన మీ మావయ్య రాయునది.

గుర్తులు పెట్టింది మీ అత్తయ్య. "కళ్ళు మూసుకున్న ఒక్కరినీ విడిచిపెట్టొద్దు, నీ వాళ్ళు నా వాళ్ళని చూడొద్దు" అని గట్టిగా చెప్పాను. "ఒక్కరినీ వదలొద్దా?" అని రెండుసార్లు అడిగింది. వదలొద్దన్నాను. అలాగే పెట్టింది. తర్వాత నేను ప్రార్థించి మీట నొక్కాను.

అమ్మడూ, నీ బెత్తం మామూలుది కాదు! బేకరీ ఆయన పోయాడు. బేకరీ ఆయన భార్య ఉంది. దర్జీ పోయాడు, దర్జీ భార్య ఉంది. డ్రైవరు పోయాడు, డ్రైవరు భార్య ఉంది. ఇళ్ళకిళ్ళు ఇదే వరస! భార్యాభర్తలు ఒకరి భుజంమీద ఒకరు వాలి నిద్రపోయిన జంటల్లో కూడా మొగుణ్ణి పీకింది, పెళ్ళాన్ని వదిలింది. మగవాళ్ళలో మిగిలింది చెవిటి తాతగారొక్కరే. ఆయన నా బోధకి ఏనాడూ కన్ను మూయలేదు.

నేను ఒకరోజంతా షాపు మూసి గ్రంథం తిరగేశాను. చివరికి వెలుగు కలిగింది. ఆడవాళ్ళ నిద్ర ధ్యానం, మగవాళ్ళ నిద్ర సోమరితనం! గొర్రెల్నీ మేకల్నీ వేరుచేసినట్టు యంత్రం వేరుచేసింది! ఆదివారం ఇదే బోధించాను. బేకరీ ఆయన గుమ్మంలో నిలబడి, "మా ఆవిడ గురక వీధిలోకి వినపడుతుందండీ, అది ధ్యానమా?" అన్నాడు. "ఆ గురకలో స్తుతి ఉంది" అన్నాను. ఆయన భార్య మొదట నవ్వింది, తర్వాత నన్ను కొరకొరా చూసింది. మగాళ్ళందరూ కట్టగట్టుకుని ఎదురు వీధి మైకువాడి దగ్గరికి పోయారు. వాడి దగ్గర నిద్రపోదామన్నా కుదరదు, అంత హోరు. అయినా వెళ్ళారు. సగం బెంచీలు బోసిపోయాయి. మా ఫ్యాను గాలి ఎవరికీ తగలడం లేదు.

పెద్దయ్యగారు వచ్చే ఆదివారమే వస్తున్నారు. జాబితా ముందే పంపమంటే అచ్చు తీసి పంపేశాను. ఈ మగాళ్ళు లేకుండా మందిరం ఎలా నింపేది? బోధ సరైనదే కానీ ఎందుకో ఖాళీ బెంచీలు లెక్కపెడుతూ కూర్చుంటున్నాను.

న్యాయమార్గమున ఒంటరియైన
మావయ్య

తాజా కలం: ఒక చిన్న విషయం. నీ 'ఉన్నారా' మీట సరిగ్గా పనిచేస్తోందా? ఊరికే సరదాకి నా పేరు కొట్టాను. 'లేరు' అంది. కరెంటు తక్కువగా వస్తున్నట్టుంది.

*

బుధవారం, అర్జెంటు

మావయ్యా,

నమస్కారాలు తర్వాత. ఆ బోధ వెంటనే ఆపండి. ఆడవాళ్ళ నిద్ర ధ్యానం కాదు. తప్పు నాది, నా టీ విరామానిది.

బెత్తం పట్టుకుని మీరు బెంచీ వెంట నడుస్తున్నారనుకోండి. గుర్తున్న బేకరీ ఆయన్ని లేపేశారు. నేను ముందే చెప్పాను కదా, ఒకరు లేస్తే వెనకున్నవాళ్ళందరూ ఒక్కో సీటు ముందుకి జరుగుతారు. వాళ్ళావిడ వెంటనే ఆయన సీటులోకి జరిగింది. మీరు మాత్రం అది చూసుకోకుండా ఒక అడుగు ముందుకేసి తర్వాతి సీటు చూశారు. అక్కడ దర్జీ ఉన్నాడు. ఆవిడ మీ వెనకపడిపోయింది, ఆవిణ్ణి మీరు చూడనేలేదు. దర్జీని లేపారు, దర్జీ భార్య అతని సీటులోకి జరిగింది, మీరు ముందుకి పోయారు. అత్తయ్య ముందు భర్తనీ వెంటనే భార్యనీ రాసింది కాబట్టి ప్రతిసారీ దెబ్బ భర్తకి తగిలి భార్యని దాటిపోయింది. ఇందులో గొర్రెలూ లేవు, మేకలూ లేవు.

దీనికి మందు ఉంది. చివరి సీటునుంచి మొదటి సీటుకి వెనక్కి నడవాలి. అప్పుడు ఎవరు జరిగినా ముందే చూసేసినవాళ్ళే జరుగుతారు, ఎవరూ తప్పించుకోరు. అలా సరిచేసిన బెత్తం రాయడం మొదలుపెట్టాను, త్వరలో పంపిస్తాను. ఈలోగా వెళ్ళిపోయినవాళ్ళని క్షమాపణ చెప్పి పిలవండి. 'చేర్చు' నొక్కితే చివర్లో చేరతారు, ఫర్వాలేదు.

మీ
మేనకోడలు

తా.క.: కరెంటు బాగానే వస్తోంది మావయ్యా. సున్నా దగ్గర ఎవరున్నారో చూడండి. చూశాక అత్తయ్యని నెమ్మదిగా అడగండి. నెమ్మదిగా.

*

మంగళవారం

చిరంజీవి మేనకోడలికి,

చివరి బెంచీలో చివరి సీటునుంచి మీ మావయ్య ఆశీస్సులు.

నీ అర్జెంటు ఉత్తరం శనివారం చేరింది. సున్నా దగ్గర మీ అత్తయ్య పేరు ఉంది. నెమ్మదిగానే అడిగాను. ఇంటి పైకప్పు లేవలేదు కాబట్టి నెమ్మదేనని నా ఉద్దేశం.

"నా పేరుకి గుర్తు పెట్టావా?" అన్నాను.

"కళ్ళు మూసుకున్న ఒక్కరినీ వదలొద్దన్నారుగా. మీరు మొదలెట్టింది మొదలు చివరి ఆమెన్ దాకా కళ్ళు తెరిచారా?" అంది.

"అది భక్తి పారవశ్యమే!"

"నాకేం తెలుసండీ. కళ్ళు మూసి ఉన్నాయి, గుర్తు పెట్టాను. నా కన్ను కూడా మధ్యలో మూతపడింది, నాకూ పెట్టుకున్నాను."

చూశావా? ఆ బెత్తం మొదటి దెబ్బ నాకే వేసింది. మీ అత్తయ్య నా సీటులోకి జరిగి తప్పించుకుంది.

ఆదివారం పెద్దయ్యగారు వచ్చారు. నేను పంపిన కాగితం చేతిలో ఉంది. గోడమీద దర్జీ అంటించిన నా శాశ్వత ఆజ్ఞ పైకే చదివారు. "మంచి నియమం" అన్నారు. తర్వాత జాబితాలో మొదటి పేరు చదివి వేదికమీదికి రమ్మన్నారు. నేను లేవబోయాను. ఇస్త్రీ షాపు ఆవిడ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. "యంత్రం చెప్పిన వరుసే వరుస కదండీ బోధకుడుగారూ" అంది. కిటికీ సీటు పగ ఇంకా తీరలేదు ఆవిడకి.

మీ అత్తయ్య చెయ్యి తుడుచుకుంటూ వేదిక ఎక్కింది. అయిపోయింది, వేదిక మైకువాడిదేనని లోపల దణ్ణం పెట్టేసుకున్నాను. ఆవిడ గ్రంథం తెరవలేదు, గొంతు పెంచలేదు. ఇలా అంది:

"ఎవరెవరు నిద్రపోతున్నారో చూడమని ఆయన చెప్తే చూశానండి. ఇస్త్రీ షాపు అక్క వారమంతా నిలబడే పనిచేస్తుంది. డ్రైవరు తమ్ముడు రాత్రి డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా ఇక్కడికొస్తాడు. బేకరీ అన్నయ్య మనమందరం పక్కమీద దొర్లుతున్నప్పుడే పొయ్యి వెలిగిస్తాడు. వీళ్ళు వారంలో కూర్చునే చోటు ఇదొక్కటే. కూర్చోగానే కన్ను మూతపడుతుంది. భయమున్న చోట ఎవరికీ నిద్ర పట్టదండి. తుఫానులో శిష్యుల పడవలో తలగడ వేసుకుని పడుకున్న ప్రభువు పేరు ఎవరూ కొట్టెయ్యలేదు కదా. నాకు తెలిసింది ఇంతే." అని దిగి వచ్చేసింది.

అమ్మడూ, ఆ పడవ కథ నేను ఎన్నిసార్లు అరిచానో లెక్కలేదు. తలగడ సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

మందిరంలో ఒక్కరూ నిద్రపోలేదు. నిద్రపోయే వ్యవధి ఆవిడ ఇవ్వలేదు కూడా. బయట చూస్తే కిటికీల నిండా మగాళ్ళు. మా పెళ్ళాలు ఎందుకింత నిశ్శబ్దంగా ఉన్నారని ఎదురు వీధినుంచి చూడ్డానికి వచ్చారట. బేకరీ ఆయన కళ్ళు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. పెద్దయ్యగారు లేచి, "ఈ వేదిక ఈ ఇంటిదే. ఒక వారం అమ్మగారు, ఒక వారం అయ్యగారు. అయ్యగారు కళ్ళు తెరిచి, కాస్త తొందరగా ముగించాలి" అన్నారు. గడియారం అక్కడే ఉండాలని కూడా అన్నారు. అది పెట్టిందెవరో ఇక ఆరా తీయను.

మీ అత్తయ్య పాత గుర్తులన్నీ చెరిపేసి, అందర్నీ మళ్ళీ 'చేర్చు' నొక్కి చేర్చింది. అలిగి పోయినందుకు వాళ్ళూ, తరిమినందుకు నేనూ, ఎవరు ముందు క్షమాపణ అడిగితే వాళ్ళు ముందు. డ్రైవరు, మిగతావాళ్ళు, దర్జీ, ఆ తర్వాత బేకరీ ఆయన. అందరికంటే ఆలస్యంగా అడిగింది నేను. 'దూర్చు' నొక్కి నన్ను సున్నాలో పెట్టమని కంటితో సైగ చేశాను. ఆవిడ గోడమీది కాగితం చూపించింది.

కాబట్టి ఇప్పుడు నేను చివరివాణ్ణి. చివరివాళ్ళు మొదటివాళ్ళవుతారని ఆశ పెట్టుకున్నాను గానీ, చివరి సీటుకి కొన్ని సుఖాలున్నాయి. వేదికమీది మాట అక్కడికి జోలపాటలా వస్తుంది, ఫ్యాను గాలి నేరుగా నెత్తిమీదే. ఇన్నేళ్ళు ఆ సీటులో కూర్చుని మెలకువగా ఉన్నవాళ్ళు నిజంగా పరిశుద్ధులు.

ఆశీస్సులతో,
ఎందరి వెనకో ఉన్న
మావయ్య

తాజా కలం: ముఖ్యమైన సంగతి ఇక్కడ రాస్తున్నాను, మీ అత్తయ్య భుజంమీంచి చదవడం ఆపి వంటింట్లోకి వెళ్ళింది. నిన్న సాయంత్రం ప్రార్థన కూడికలో పెద్దయ్యగారు మాట్లాడుతుంటే నాకు కన్ను మూతపడింది. పారవశ్యం కాదు, మామూలు నిద్రే. పక్కన బేకరీ ఆయన కూడా పడుకున్నాడు. ఇద్దరికీ గుర్తు పడింది. "మీ మేనకోడలు సరిచేసిన బెత్తం రానివ్వండి, చూద్దాం" అంటోంది మీ అత్తయ్య. వేళాకోళమో నిజమో ఆ ముఖం చూస్తే తెలీదు. బేకరీ ఆయనకి ముందున్న దర్జీ కళ్ళు తెరిచే ఉన్నాడు, నేను నిద్రపోకముందు చూశాను. పాత బెత్తమైతే దెబ్బ బేకరీ ఆయనకి తగిలి, నేను ఆయన సీటులోకి జరిగి బయటపడతాను. కాబట్టి తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ తప్పు సరిచెయ్యకు. అందులో కృప ఉంది.